కూర్చునే బల్ల, పెరిగే మొక్క: కర్నూలు, కడప ప్రాంతాల వస్తుచరిత్రలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

వాడి పారేసిన ప్లాస్టిక్‌ను, కలపను కలిపి చేసి, లోపల మట్టిలేని సాగుకు తొట్టి అమర్చిన కూర్చునే బల్ల నేటి కాలపు ఆలోచనగా కనిపిస్తుంది. అయితే అందులోని ఒక్కొక్క అంశానికీ కర్నూలు, కడప ప్రాంతాలలో వేరువేరు చరిత్రలున్నాయి. రచ్చకట్ట, నాపరాయి, సర్కారు తుమ్మ, బిందుసేద్యపు గొట్టాలు, చెరువు శాసనం ఆధారంగా అటువంటి బల్ల ఈ నేలలో నిలవడానికి ఏమి కావాలో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: రచ్చకట్ట, నాపరాయి, సర్కారు తుమ్మ, బిందుసేద్యం, మట్టిలేని సాగు, పోరుమామిళ్ల శాసనం.

1. ఉపోద్ఘాతం

ఆసనాన్ని, మొక్కను, నీటిని ఒకచోట చేర్చడం రాయలసీమకు కొత్త కాదు. ఊరి నడుమ వేప, రావి చెట్ల చుట్టూ కట్టిన అరుగు, పక్కనే వేసవిలో వెలిసే చలివేంద్రం ఈ మూడింటి కలయికే. కొత్త బల్ల ఆ కలయికను రెండు మీటర్ల వస్తువులోకి కుదిస్తుంది. ఈ కుదింపులో ఏది మిగులుతుంది, ఏది జారిపోతుంది అన్నదే ఇక్కడి ప్రశ్న.

2. రచ్చకట్ట: నీడ, హద్దు

‘రచ్చ’ సంస్కృత ‘రథ్య’ శబ్దానికి వికృతి. రథ్య అంటే రథం నడిచే బాట, వీథి. వీథిని సూచించిన మాట క్రమంగా నలుగురు కూడే తావుకు పేరయింది. ‘ఇంట గెలిచి రచ్చ గెలువు’ అనే సామెతలో అది లోకానికే పర్యాయపదమయింది. అయితే రచ్చకట్ట అందరిదీ కాదు. ఊరికి దూరంగా ఉంచబడిన మాలపల్లె, మాదిగవాడల వారికి ఆ అరుగుపై కూర్చునే హక్కు ఉండేది కాదు. స్త్రీలు ఆ దారిన నీళ్లబిందెలతో నడిచేవారే గాని అక్కడ కూర్చుని తీర్పు చెప్పినవారు కారు. 1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగం 15వ అధికరణం రెండవ ఖండంలో బావులు, చెరువులు, రహదారులు, ప్రజలు కూడే తావుల వాడకంలో కుల, లింగ వివక్షను నిషేధించింది. బావిని, కూడే తావును ఒకే వాక్యంలో పేర్కొనడం గమనార్హం. నీరు, ఆసనం అనే రెండు హక్కులూ మన ఊళ్లలో కలిసే నిరాకరింపబడ్డాయి.

3. రాయి

ఈ ప్రాంతపు సహజమైన బల్ల నాపరాయి. దేశమంతటా ‘కడప రాయి’గా ప్రసిద్ధమైన ఈ సున్నపురాయి పొరలు పొరలుగా విడివడుతుంది. ఎక్కువ చెక్కుడు లేకుండానే పలకగా చేతికి వస్తుంది. బేతంచెర్ల, కొలిమిగుండ్ల, జమ్మలమడుగు, ఎర్రగుంట్ల పరిసరాలలో ఇంటి నేల, అరుగు, పొలం గట్టు, బడిలోని బల్ల అన్నీ దీనితో అయినవే. విలియం కింగ్ 1872లో ప్రచురించిన భూగర్భ సర్వేక్షణ గ్రంథంలో ఈ రెండు జిల్లాల పేర్లే ఇక్కడి శిలావ్యవస్థలకు పెట్టాడు. అయితే ఆసనమిచ్చిన సున్నపురాయే భూగర్భజలానికి కాఠిన్యాన్నీ ఇచ్చింది. కొత్త బల్లకు ఎదురయ్యే మొదటి చిక్కు ఇదే.

4. సర్కారు తుమ్మ

బల్లకు కలప ఎక్కడిది? శేషాచలం, లంకమల కొండల ఎర్రచందనం చట్టరక్షణలో ఉన్న వృక్షం. నల్లమల టేకు ఖరీదైనది. చేతికందేది సర్కారు తుమ్మ. మధ్య, దక్షిణ అమెరికాలకు చెందిన ఈ చెట్టును మదరాసు రాజధాని అటవీ అధికారి బెడోమ్ సూచనపై జమైకా విత్తనాలతో 1877–78 ప్రాంతంలో కడప జిల్లా కమలాపురంలో నాటారు. అది 1876–78 నాటి ధాత కరువు కాలం. బీడును పచ్చబరచి వంటచెరకు అందించాలన్నది ఉద్దేశం. వంటచెరకు దొరికింది. కాని చెట్టు చెరువు గర్భాలను, వంకలను, బీళ్లను ఆక్రమించింది. ‘సర్కారు’ అన్న విశేషణంలో ఆ చెట్టు వచ్చిన దారిని జనం భద్రపరచారు. ఊరివారిని అడగకుండా పైనుంచి వచ్చిన మేలు ఎలా పరిణమిస్తుందో చెప్పడానికి ఈ చెట్టు చాలు. దీని కలప గట్టిది, బరువైనది. ఎక్కువగా బొగ్గుకే పోతున్న ఈ కలపను బల్లకాళ్లకు, చట్రానికి మళ్లిస్తే చెరువులోని చెట్టును తొలగించే పనికీ ఒక విలువ ఏర్పడుతుంది.

5. ప్లాస్టిక్

పట్టణాలలో ప్లాస్టిక్ అనగానే సంచులు, సీసాలు గుర్తుకొస్తాయి. 2022 జూలై 1 నుండి ఒక్కసారి వాడి పారేసే కొన్ని ప్లాస్టిక్ వస్తువులను దేశవ్యాప్తంగా నిషేధించారు. కాని రాయలసీమ పొలాలలో మరొక ప్లాస్టిక్ ఉంది. 2003లో ఆంధ్రప్రదేశ్ సూక్ష్మసేద్య పథకం మొదలైన తరువాత చీనీ, అరటి, బొప్పాయి తోటలలో బిందుసేద్యపు నల్లగొట్టాలు విరివిగా పరుచుకున్నాయి. నీటిని ఆదా చేసే ఈ గొట్టాలు పాలిథిలీనుతో చేసినవి. ఎండకు పెళుసుబారి, లవణాలతో రంధ్రాలు పూడి, కొన్నేళ్లకు పొలం గట్టున కుప్పపడతాయి. వీటిని ముక్కలు చేసి, కడిగి, కరిగించి, అచ్చుగుండా నెట్టితే పలకలు తయారవుతాయి. ఈ పలకలు చెదపట్టవు, నీటికి ఉబ్బవు. కలపకన్నా తేలికగా వంగుతాయి కనుక కింద దగ్గర దగ్గరగా ఆధారాలు కావాలి. బరువును తుమ్మ చట్రం మోసి, నీటిని ప్లాస్టిక్ తొట్టి పట్టి ఉంచడం ఈ రెండు పదార్థాల స్వభావానికి తగిన పని విభజన.

6. మట్టిలేని సాగు

1930వ దశకంలో కాలిఫోర్నియాలో గెరికే ఈ సాగును ప్రచారంలోకి తెచ్చి, 1937లో హైడ్రోపోనిక్స్ అనే పేరును వ్యాప్తిచేశాడు. మన దేశంలో షోల్టో డగ్లస్ 1946 నుండి కాలింపాంగ్ ప్రాంతంలో ప్రయోగాలు చేసి, ఖరీదైన యంత్రాలు లేకుండా కంకరతో, తొట్లతో సాగే ‘బెంగాల్ పద్ధతి’ని రూపొందించాడు. కరెంటు కోతలుండే ఊళ్లకు అదే తగినది. అయితే రెండు విషయాలు ముఖ్యం. పోషకద్రావణపు పి.హెచ్. 5.5–6.5 మధ్య ఉండాలి. ఇక్కడి బోరునీటి క్షారత దానిని పైకి నెడుతుంది. గొట్టాల రంధ్రాలను పూడ్చిన కాఠిన్యమే తొట్టిలోనూ పేరుకుంటుంది. రెండవది వేడి. 20 డిగ్రీల నీటిలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగి ఉండగలదు. 35 డిగ్రీల వద్ద అది 7కు తగ్గుతుంది. వేర్లకు ఊపిరి చాలదు. అందువల్ల తొట్టి పైన నాపరాయి మూత, ఆ పైన చెట్టు నీడ తప్పనిసరి.

7. నీటి లెక్క

రెండు మీటర్ల పొడవు, అర మీటరు వెడల్పు గల బల్ల వైశాల్యం ఒక చదరపు మీటరు. ఈ ప్రాంతపు సగటు వర్షం ఏటా సుమారు 650–700 మిల్లీమీటర్లు. చుక్క పోకుండా పట్టినా బల్ల మీద దొరికేది 650–700 లీటర్లే. అర చదరపు మీటరు ఆకుకూర రోజుకు రెండున్నర లీటర్లు తాగుతుందనుకుంటే ఏడాదికి 900 లీటర్లు దాటుతుంది. లోటును ఎవరో మోసి తేవాలి. ఆ మోసే చేతులు ఎవరివో మన ఊళ్లలో చెప్పనక్కరలేదు. పది చదరపు మీటర్ల బడి వసారా లేదా బస్సు ఆశ్రయం కప్పునీటిని నిల్వచేసి బల్లకు కలిపితే ఈ లోటు తీరుతుంది. వాననీటిలో లవణాలు తక్కువ కనుక కాఠిన్యం చిక్కు కూడా తగ్గుతుంది.

కడప జిల్లా పోరుమామిళ్లలో విజయనగర రాజకుమారుడు భాస్కరుడు చెరువు కట్టించి 1369లో వేయించిన సంస్కృత శాసనం మంచి చెరువుకు పన్నెండు సాధనాలను, ఆరు దోషాలను పేర్కొంటుంది. చవిటినేల ఒక దోషం. నీరు తక్కువై సాగునేల ఎక్కువ కావడం మరొకటి. కఠినజలంతో, తనకు తానే చాలని వర్షంతో పెట్టే బల్లతొట్టికి ఈ రెండు దోషాలూ వర్తిస్తాయి. కొలతలు మారినా కొలమానం మారలేదు.

8. ముగింపు

పై పరిశీలన వల్ల మూడు విషయాలు తేలుతున్నాయి. ఒకటి, ఈ బల్లకు కావలసిన పదార్థాలు స్థానికంగా, వ్యర్థంగానే లభిస్తున్నాయి. రెండు, దాని జయాపజయాలు పలకల మీద కాక నీటి మూలం మీద ఆధారపడి ఉన్నాయి. మూడు, రచ్చకట్టలోని నీడను స్వీకరించి హద్దును విడిచినప్పుడే అది ఊరుమ్మడి ఆసనం అవుతుంది. ఎక్కడ పెట్టాలి, ఎవరు కూర్చోవాలి, ఎవరు నీరు పోయాలి, ఆకుకూర ఎవరి ఇంటికి వెళ్లాలి అనే నాలుగు ప్రశ్నలను ఊరిలోని అన్ని వాడలవారూ కూర్చుని ముందే తేల్చుకోవాలి. లేనట్లయితే అది సర్కారు తుమ్మలా పైనుంచి వచ్చిన మరొక మేలుగా మిగిలిపోతుంది.