సామనపల్లి నుంచి కరుణాశ్రయ దాకా



2021 ఆగస్టు 5న మన కృష్ణగిరి జిల్లాలోని సామనపల్లిలో ముఖ్యమంత్రి స్టాలిన్ ‘మక్కళై తేడి మరుత్తువం’ పథకాన్ని మొదలుపెట్టారు. జనాన్ని వెతుక్కుంటూ వచ్చే వైద్యం అని దాని అర్థం. బీపీ, షుగరు మాత్రలు ఇంటికే వస్తాయని మనకు తెలుసు. మంచం పట్టినవారికి ఇంట్లోనే ఫిజియోథెరపీ, బాధ తగ్గించే సేవ కూడా అందులో ఉన్నాయన్నది మనం అంతగా పట్టించుకోలేదు.

మరి ఇంటి సేవ ఎంతవరకు? హాస్పీస్‌కు ఎప్పుడు? ఈ ప్రశ్న వచ్చేసరికి మన ఇళ్లలో మాట ఆగిపోతుంది. ‘కన్నతల్లిని ఎక్కడో వదిలేసి వచ్చారు’ అంటారేమోనన్న భయం ఒకవైపు. రాత్రంతా ఆమె మూలుగు వింటూ ఏమీ చేయలేకపోవడం ఇంకోవైపు. మనం తేల్చుకోలేక గడిపే ప్రతి రోజూ ఆ నొప్పి పడేది ఆమే.

హాస్పీస్ చరిత్ర తెలిస్తే ఈ భయం కొంత తగ్గుతుంది. లండన్‌లో 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పీస్‌ను తెరిచిన సిసిలీ సాండర్స్ ముందు నర్సు, తర్వాతే డాక్టరు. నొప్పి ముదిరాక కాదు, రాకముందే వేళకు మందివ్వాలన్నది ఆమె పద్ధతి. 1969 నాటికి అక్కడి బృందం రోగుల ఇళ్లకూ వెళ్లసాగింది.

మన దేశంలో తొలి హాస్పీస్ 1986లో ముంబయిలో వచ్చిన శాంతి ఆవేదన. అయితే అంతకు ఏడాది ముందు వచ్చిన మాదకద్రవ్యాల చట్టం వల్ల తీవ్రమైన నొప్పికి వాడే మార్ఫిన్ దొరకడమే కష్టమైంది. 2014లో చట్టాన్ని సవరించాక దారి కొంత సులువైంది. ఈలోగా, 1993లో కోజికోడ్‌లో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, డాక్టర్ సురేష్ కుమార్ తదితరులు మొదలుపెట్టిన పని తర్వాత కేరళలో ఊరూరికీ పాకింది. ఇరుగుపొరుగే సేవకులయ్యారు.

మనకు దగ్గరి ఉదాహరణ బెంగళూరు మారతహళ్లి వైపున్న కరుణాశ్రయ. 1994లో ట్రస్టుగా ఏర్పడి, ముందు క్యాన్సర్ రోగుల ఇళ్లకే వెళ్లి సేవ చేశారు. ఇంట్లో అదుపుచేయలేని బాధలూ ఉంటాయి గనుక 1999లో పడకలతో హాస్పీస్ తెరిచారు. చికిత్సతో ఇక ఫలితం లేని క్యాన్సర్ రోగులను అక్కడ డబ్బు తీసుకోకుండా చూసుకుంటారు.

లండన్‌లో హాస్పీస్ నుంచి ఇంటికి వెళ్లారు, బెంగళూరులో ఇంటి నుంచి హాస్పీస్‌కు వచ్చారు. రెండూ ఒకే సేవకు రెండు గదులు. బాధ అదుపులోకి వస్తే మళ్లీ ఇంటికి తెచ్చుకోవచ్చు కూడా.

కాబట్టి ‘ఇంకెన్ని రోజులు’ అని కాదు, ‘బాధ ఇంట్లో అదుపులో ఉందా’ అని చూడాలి. మందు మోతాదు పెంచినా నొప్పి తగ్గకపోవడం, రాత్రిళ్లు ఊపిరి ఆడకపోవడం, పుండు శుభ్రం చేయడం మన చేతకాకపోవడం, మాటిమాటికీ అత్యవసర విభాగానికి పరుగెత్తాల్సి రావడం, చూసుకునే కోడలో కూతురో తానే పడిపోయే స్థితికి రావడం: వీటిలో ఏది కనిపించినా డాక్టరుతో హాస్పీస్ మాట ఎత్తాలి. రోగికి తెలివి ఉండగానే ‘నీకేం కావాలి’ అని అడగాలి. చివరి రెండు రోజుల్లో తీసుకెళ్తే అక్కడివారు చేయగలిగింది తక్కువ.

పక్షవాతం, కిడ్నీ జబ్బులాంటివి ఉన్నవారు ముందు దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో సామనపల్లి పథకం గురించి అడగండి.

సంఘంగా మనం చేయగలిగింది ఒకటుంది. హాస్పీస్‌కు తీసుకెళ్లిన ఇంటిని ‘వదిలేశారు’ అనకుండా, వెళ్లి ఒక పూట తోడుండడం.