అబోటాబాద్ దాడి, ఇస్లామాబాద్ ఎరుక

2011 మే 2న ఇంకా తెల్లవారకముందే, అఫ్గానిస్తాన్‌లోని జలాలాబాద్ నుంచి హెలికాప్టర్లలో బయలుదేరిన అమెరికా నౌకాదళ ప్రత్యేక సైనికులు, అంటే ‘సీల్స్’గా పేరుపొందినవారు, పాకిస్తాన్‌లోని అబోటాబాద్‌లో ఎత్తయిన ప్రహరీ గల ఒక ఇంటి ఆవరణలో దిగి, అల్ ఖైదా అధినేత ఒసామా బిన్ లాడెన్‌ను చంపి, సుమారు నలభై నిమిషాల్లో మృతదేహంతో వెనుదిరిగారు. 1853లో బ్రిటిష్ అధికారి జేమ్స్ అబాట్ నెలకొల్పిన ఆ ఊరు మొదటినుంచీ కంటోన్మెంటు పట్టణం. పైగా కాకుల్‌లోని పాకిస్తాన్ సైనిక అకాడమీ ఆ ఇంటికి కిలోమీటరుకు కాస్త ఎక్కువ దూరంలోనే ఉంది. అలాంటి చోట పరాయి సైన్యం దిగి, పని ముగించుకుని, పాక్ సైన్యంతో ఎదురుకాల్పులు లేకుండా సరిహద్దు దాటి వెళ్లిపోయిందంటే, పాకిస్తాన్ పాలకులకు ముందే తెలిసి ఉండాలన్న అనుమానం అప్పుడే పుట్టి, నేటికీ నిలిచి ఉంది.

ఈ అనుమానంలో రెండు వేర్వేరు ప్రశ్నలు కలగలిసిపోయాయి. లాడెన్ అక్కడ ఉన్నాడని తెలియడం ఒకటి, అమెరికా దాడి చేయబోతోందని తెలియడం మరొకటి. మొదటిది తెలిసినవారికి రెండవది తెలిసి తీరాలని ఏమీ లేదు. ‘ప్రభుత్వం’ అన్నప్పుడు కూడా పాకిస్తాన్ విషయంలో ఎవరిని ఉద్దేశిస్తున్నామో చెప్పుకోక తప్పదు. అధ్యక్షుడు జర్దారీ, ప్రధాని గిలానీ నడిపిన పౌర ప్రభుత్వం ఒకవైపు ఉంటే, సైన్యాధిపతి కయానీ, ఐఎస్ఐ అనే గూఢచార సంస్థకు అధిపతి అయిన షుజా పాషా మరోవైపు ఉన్నారు. రక్షణ, అఫ్గాన్ వ్యవహారాల్లో అసలు నిర్ణయాధికారం ఈ రెండవ పక్షానిదే.

ముందే తెలుసన్న వాదాన్ని అందరికంటే గట్టిగా వినిపించినవాడు అమెరికన్ పాత్రికేయుడు సేమూర్ హెర్ష్. 2015లో ‘లండన్ రివ్యూ ఆఫ్ బుక్స్’లో ప్రచురితమైన ఆయన కథనం ప్రకారం, ఐఎస్ఐ 2006 నుంచి లాడెన్‌ను ఆ ఇంట్లో నిర్బంధించి ఉంచింది, బహుమతి సొమ్ముకు ఆశపడిన ఒక మాజీ అధికారి ఆ రహస్యాన్ని అమెరికా గూఢచార సంస్థ సీఐఏకు అమ్ముకున్నాడు, కయానీ, పాషాలు హెలికాప్టర్లకు దారి ఇచ్చారు, లాడెన్ కొండల్లో డ్రోన్ దాడికి బలయ్యాడని కొన్నాళ్లకు ప్రకటించాలని ఇరుపక్షాలూ అనుకున్నాయి. శ్వేతసౌధం దీన్ని కొట్టిపారేసింది. కథనానికి ప్రధాన ఆధారం పేరు చెప్పని ఒక విశ్రాంత అమెరికన్ గూఢచార అధికారి కావడం దాని బలహీనత. ఐఎస్ఐ మాజీ అధిపతి అసద్ దుర్రానీ ఇలా జరిగి ఉండవచ్చని అన్నారు గాని, 1990ల ఆరంభంలోనే ఆ పదవి వీడిన వ్యక్తి మాటను అంచనాగా తీసుకోవచ్చునే తప్ప సాక్ష్యంగా తీసుకోలేము.

ఆ రాత్రి జరిగిన తీరు చూస్తే ఎదుటి వాదానికే బలం చేకూరుతుంది. దారి ఇచ్చిన ప్రభుత్వం ఉన్నచోటికి, రాడార్‌కు సులభంగా చిక్కకుండా ప్రత్యేకంగా మార్చిన హెలికాప్టర్లను తీసుకుపోవలసిన అగత్యం లేదు. వాటిలో ఒకటి ఆవరణలో కూలిపోగా సైనికులు దాన్ని పేల్చివేశారు. మిగిలిన తోక భాగం పాకిస్తాన్ చేతికి చిక్కి, కొన్నివారాల తరువాత అమెరికాకు తిరిగి చేరింది. పాక్ వైమానిక దళం ఎఫ్-16 విమానాలను లేపేసరికి దాడిచేసినవారు వెళ్లిపోయారు. పాకిస్తాన్‌కు చెబితే లాడెన్‌కు ఉప్పందుతుందని భయపడ్డామని అప్పటి సీఐఏ అధిపతి లియోన్ పనెట్టా దాపరికం లేకుండా చెప్పారు. అదే ఏడాది జనవరిలో లాహోర్‌లో సీఐఏ గుత్తేదారు రేమండ్ డేవిస్ ఇద్దరిని కాల్చిచంపిన ఉదంతం రెండు గూఢచార సంస్థల మధ్య నమ్మకాన్ని అప్పటికే దెబ్బతీసింది. అన్నిటికంటే ముఖ్యం, పాక్ సైన్యం మూటగట్టుకున్న అవమానం: పాషా పార్లమెంటు రహస్య సమావేశంలో రాజీనామాకు సిద్ధపడ్డారు, కయానీ సొంత అధికారుల ఆగ్రహాన్ని ఎదుర్కొన్నారు. ఒప్పందం కుదుర్చుకున్న సేనాపతి తన ప్రతిష్ఠకు ఇంత నష్టం కోరి తెచ్చుకుంటాడని నమ్మడం కష్టం. ఇక లాడెన్ ఉనికి సంగతికొస్తే, ఆ ఇంట్లో దొరికి 2012లో వెల్లడైన ఉత్తరాల్లో పాక్ ప్రభుత్వ సంస్థల అండ ఉన్నట్లు స్పష్టమైన ప్రస్తావన లేదు; అయినా కింది స్థాయిలో ఎవరో కొందరు చూసీచూడనట్లు ఊరుకున్నారన్న సందేహాన్ని అది పూర్తిగా తీర్చదు.

సాక్ష్యం దాడి సంగతి ముందే తెలియదన్న వైపు మొగ్గుతున్నా పాకిస్తాన్ మాటను జనం నమ్మకపోవడానికి కారణం ఆ రాత్రిలో కాదు, అంతకుముందు యాభై ఏళ్లలో ఉంది. 1960 మే 1న సోవియట్ యూనియన్ కూల్చిన అమెరికా యు-2 గూఢచార విమానం పెషావర్ నుంచే లేచింది. ఆ సమీపంలోని బడాబెర్‌లో నిఘా స్థావరాన్ని పాకిస్తాన్ అమెరికాకు కౌలుకిచ్చింది. 2004లో దక్షిణ వజీరిస్తాన్‌లో తాలిబాన్ నాయకుడు నేక్ ముహమ్మద్‌ను అమెరికా డ్రోన్ చంపితే, అది తమ పనేనని పాక్ సైన్యం చెప్పుకుంది. డ్రోన్లు బలూచిస్తాన్‌లోని షంసీ విమానాశ్రయం నుంచి ఎగురుతుండగానే ఇస్లామాబాద్ వాటిని బహిరంగంగా ఖండించేది. సరైనవారు చస్తే చాలునని, తాము పార్లమెంటులో నిరసన తెలిపి ఆపైన పట్టించుకోబోమని గిలానీ 2008లో అమెరికా రాయబారితో అన్నట్లు వికీలీక్స్ బయటపెట్టిన అమెరికా దౌత్య తంతి చెబుతుంది. కొన్ని డ్రోన్ దాడులకు అంగీకరించానని మాజీ అధ్యక్షుడు ముషారఫ్ 2013లో స్వయంగా ఒప్పుకున్నారు. పైకి నిరసన, లోపల సమ్మతి అన్న ఈ పద్ధతి ప్రజల్ని దశాబ్దాలపాటు చీకట్లో ఉంచింది. చివరకు నిజంగానే తెలియని నాడు ‘మాకు తెలియదు’ అన్న మాటకు విలువ లేకుండా పోయింది. తొలిరోజు గిలానీ దాడిని గొప్ప విజయమని కొనియాడి, మే 14న పార్లమెంటు దాన్ని సార్వభౌమాధికార ఉల్లంఘనగా ఖండించడం అనుమానాన్ని మరింత పెంచింది.

అబోటాబాద్ ఉదంతంపై జస్టిస్ జావేద్ ఇక్బాల్ అధ్యక్షతన పాకిస్తాన్‌లో ఏర్పడిన విచారణ సంఘం 2013 ఆరంభంలో సమర్పించిన నివేదికను ప్రభుత్వం తొక్కిపెట్టగా, ఆ జూలైలో అల్ జజీరా దాన్ని బయటపెట్టింది. లాడెన్ అన్నేళ్లు దొరక్కపోవడానికి ప్రధాన కారణం ఘోరమైన అసమర్థతేనని, అయితే ఏదో ఒక స్థాయిలో కుమ్మక్కును పూర్తిగా తోసిపుచ్చలేమని అది తేల్చింది. బయటపడిన ప్రతిలో పాషా వాంగ్మూలం నుంచి ఒక పుట లేదు. ముందువెనుకల సందర్భాన్ని బట్టి చూస్తే, ఆ పుటలో ఉన్నది అబోటాబాద్ రాత్రి ముచ్చట కాదు, 2001లో అమెరికా కోరగా ముషారఫ్ ఒప్పుకున్న ఏడు డిమాండ్ల జాబితా.