ఇల్లు కట్టకముందే కట్టే సొమ్ము: ఇబ్రహీంపట్నం నుంచి ఎర్రబోరు దాకా

విజయవాడ పక్కనున్న ఇబ్రహీంపట్నం దగ్గర మొదలయ్యే 30వ నంబరు జాతీయ రహదారి మైలవరం, తిరువూరు, కొత్తగూడెం, పాల్వంచల మీదుగా భద్రాచలం చేరుతుంది. అక్కడ గోదావరిని దాటి చింతూరు, కుంట, ఎర్రబోరు మీదుగా సుకుమా, జగ్‌దల్‌పూర్‌లకు సాగిపోతుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, ఛత్తీస్‌గఢ్ రాష్ట్రాలను కలిపే ఈ ఒక్క దారి పొడవునా తెలుగు వినిపిస్తుంది. కాని కొత్తగా ఇల్లు కట్టుకోదలచిన కుటుంబం పునాది తీయకముందే ప్రభుత్వానికి చెల్లించవలసిన సొమ్ము మాత్రం ఊరికొక తీరుగా ఉంటుంది. దారి మొదట్లో అది లక్షల్లోకి పోవచ్చు. దారి పైకి వెళ్లేకొద్దీ సున్నా అవుతుంది.

ఏ నగరంలో రుసుము ఎక్కువ, ఏ నగరంలో తక్కువ అన్న పోలిక స్థిరాస్తి వ్యాపారులకు చాలు. రాజకీయ చరిత్రకు చాలదు. ఆ సొమ్ము కట్టినవారికి ప్రభుత్వాన్ని ఏమి అడిగే హక్కు దక్కింది, కట్టే అవకాశమే లేనివారి మాటేమిటి అన్నవి చరిత్ర అడగవలసిన ప్రశ్నలు.

ఈ రుసుముల మూలం అంటురోగాలలోనూ వరదలలోనూ ఉంది. 1896 నాటి ప్లేగు తర్వాత బొంబాయిలో 1898లో నగరాభివృద్ధి ట్రస్టు ఏర్పడింది. 1908 మూసీ వరద తర్వాత హైదరాబాదులో 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు వచ్చింది. బ్రిటన్ 1909లో చేసిన పట్టణ ప్రణాళిక చట్టం ఒక సూత్రాన్ని స్థిరపరచింది. ప్రజాధనంతో రోడ్డు వేసినప్పుడు పక్కనున్న భూమి విలువ పెరిగితే, ఆ పెరుగుదలలో సగం ప్రజలకు తిరిగి రావాలి. 1920 నాటి మద్రాసు పట్టణ ప్రణాళిక చట్టం ఈ భావననే ‘బెటర్‌మెంట్’ పేరుతో ఆంధ్ర జిల్లాలకు తెచ్చింది. ఆ చట్టాల వరస స్పష్టం: ముందు ప్రభుత్వం పని చేస్తుంది, తర్వాత యజమానికి లాభం కలుగుతుంది, ఆపైన వసూలు జరుగుతుంది.

1975 నాటి ఆంధ్రప్రదేశ్ పట్టణ ప్రాంతాల అభివృద్ధి చట్టం ఈ వరసను తలకిందులు చేసింది. ఆ చట్టం కింద హైదరాబాదులో ‘హుడా’ ఏర్పడింది. 1978లో విశాఖపట్నంలో ‘వుడా’, విజయవాడ-గుంటూరు-తెనాలి-మంగళగిరి ప్రాంతానికి మరో సంస్థ వచ్చాయి. భూమికి చదరపు మీటరుకు ఇంత, కట్టడానికి ఇంత, భూవినియోగం మార్చుకుంటే ఇంత అని అనుమతి నాడే అభివృద్ధి రుసుము వసూలు చేసే పద్ధతి స్థిరపడింది. లాభం చేతికి రాకముందే ఖర్చు చేతి నుంచి పోయే రోజులు వచ్చాయి. ఒకే చట్టం కింద పుట్టిన నగరాలైనా దేని రేట్లు దానివే అయ్యాయి.

పన్నుకూ రుసుముకూ తేడాను సుప్రీంకోర్టు 1954లోనే శిరూరు మఠం కేసులో వివరించింది. పన్ను సాధారణ ఖజానాకు పోతుంది, దానికి ప్రతిఫలం అడగరాదు. రుసుము ఒక సేవకోసం తీసుకునేది. ఈ కొలతతో చూస్తే అభివృద్ధి రుసుము పేరుకు రుసుమే అయినా నడవడిలో క్రమంగా పన్నుగా మారింది. ఎందుకంటే ఏ వీధిలో వసూలైన సొమ్ము ఏ కాలువకు ఖర్చయిందో ఆ వీధివారికి చెప్పే ఏర్పాటు లేదు.

పాలకులకు ఈ లోటు తెలియకపోలేదు. బహుళ అంతస్తుల భవనాలపై నగరస్థాయి మౌలిక వసతుల ప్రభావ రుసుమును ప్రవేశపెట్టినప్పుడు, ఆ సొమ్మును ప్రత్యేక ఖాతాలో ఉంచి సగం అదే ప్రాంతంలో ఖర్చు చేయాలని నిబంధనల్లో రాశారు. 2012 నాటి 168వ నంబరు జీవో ఈ రుసుమును ఉమ్మడి రాష్ట్రంలోని ఇతర నగరాలకూ వర్తింపజేసింది. నిబంధన మంచిదే. కాని ఏ భవనానికి ఎంత వసూలైంది, ఆ ప్రాంతంలో దేనికి ఎంత వెచ్చించారు అన్న లెక్కను ఏటా వార్డు ప్రజల ముందు పెట్టే బాధ్యత దానికి తోడుగా రాలేదు.

డబ్బుకంటె బలమైన పూచీ ఒకటి లేఅవుట్ నిబంధనల్లోనే ఉంది. హైదరాబాదు మహానగరాభివృద్ధి సంస్థ పరిధిలో లేఅవుట్ వేసే వ్యక్తి రోడ్లు, కాలువలు, నీటి గొట్టాలు పూర్తిచేసేవరకు 15 శాతం ప్లాట్లను సంస్థకు తనఖా పెట్టాలి. పని పూర్తికాకపోతే తనఖా విడుదల కాదు. వ్యాపారి నుంచి పూచీ తీసుకున్న ప్రభుత్వం, అభివృద్ధి రుసుము కట్టిన పౌరుడికి మాత్రం తన వైపు నుంచి ఏ పూచీ ఇవ్వలేదు.

అందుకే అనుమతి లేని లేఅవుట్లు పెరిగాయి. 2007 చివరలో, 2015లో, 2020లో క్రమబద్ధీకరణ పథకాలు వచ్చాయి. తెలంగాణలో 2020 నాటి ఎల్‌ఆర్‌ఎస్‌కు 25 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. 100 చదరపు మీటర్ల వరకు ఉన్న ప్లాటుకు చదరపు మీటరుకు రూ. 200, 300 వరకు రూ. 400, 500 వరకు రూ. 600, ఆపైన రూ. 750 చొప్పున మూల రుసుము నిర్ణయించారు. ఖాళీ స్థలం వదలని లేఅవుట్లలోని ప్లాట్లపై భూమి విలువలో 14 శాతం అదనం. పార్కుకు వదలవలసిన స్థలాన్ని అమ్ముకున్నది లేఅవుట్ వేసినవాడు. 14 శాతం కట్టేది అక్కడ ప్లాటు కొన్న ఉద్యోగి, చిరు వ్యాపారి. ఆ సొమ్ము కట్టినా ఆ వీధిలోకి పార్కు రాదు, వదలడానికి అక్కడ నేల మిగలలేదు కనుక. అదే 2020లో వచ్చిన టీఎస్‌బీపాస్ చట్టం 75 చదరపు గజాల లోపు స్థలంలో ఇల్లు కట్టుకునేవారికి అనుమతి అక్కర లేకుండా ఒక్క రూపాయి నమోదుతో సరిపెట్టింది. పేదవాడి భారం తగ్గించడం ఇష్టమైతే సాధ్యమేనని ఈ ఒక్క నిబంధన చెబుతుంది.

కృష్ణ ఒడ్డున కథ వేరు. 2014 చివరలో పాత విజయవాడ సంస్థ స్థానంలో సీఆర్‌డీఏ వచ్చింది. అమరావతి రైతులు ముందస్తు మూల్యాన్ని రూపాయల్లో కాక భూమిలో చెల్లించారు. సుమారు 33 వేల ఎకరాలు సమీకరణకు ఇచ్చారు. ఎకరానికి ప్రతిగా మెట్ట భూమికి 1,000 గజాల నివాస స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం. జరీబుకు 1,000, 450 గజాలు. ఏటా కౌలు అదనం. ఇంత పెద్ద ముందస్తు చెల్లింపు తెలుగు నేలమీద మరొకటి లేదు. 2019లో ప్రభుత్వం మారి మూడు రాజధానుల ప్రతిపాదన రాగానే, ఆ చెల్లింపుకు పూచీ ఎవరన్న ప్రశ్న హైకోర్టుకెక్కింది. 2022 మార్చి 3న హైకోర్టు ప్లాట్లను అభివృద్ధి చేసి 3 నెలల్లో అప్పగించాలని ఆదేశించింది. ఆ గడువులపై అదే ఏడాది నవంబరులో సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. అయినా రైతులు కోర్టు గడప తొక్కగలిగారు. వారి చేతిలో ప్రభుత్వంతో చేసుకున్న రాతకోతలున్నాయి.

తెలుగువారు విస్తారంగా స్థిరపడిన కాలిఫోర్నియాలో ఈ రాతకోతలను చట్టమే చేసిపెట్టింది. అక్కడ పక్కపక్క నగరాల మధ్య కూడా రుసుముల్లో ఎన్నో రెట్ల తేడా ఉంటుంది. కొన్నిచోట్ల అవి సామాన్యుడికి ఇల్లు అందకుండా చేసేంత భారమే. కాని 1987లో చేసిన చట్టం ప్రకారం రుసుమును ప్రత్యేక ఖాతాలో ఉంచాలి, ఏటా లెక్క ప్రకటించాలి, 5 ఏళ్లకొకసారి ఖర్చుకాని సొమ్ము దేనికోసమో నిరూపించాలి, లేకపోతే తిరిగివ్వాలి. 2024లో అమెరికా సుప్రీంకోర్టు ఎల్‌డొరాడో కౌంటీలో ఒక ఇంటి యజమాని కట్టిన 23,420 డాలర్ల రోడ్డు రుసుము కేసులో, చట్టసభ నిర్ణయించిన రుసుమైనా రాజ్యాంగ పరీక్షకు అతీతం కాదన్నది.

ఇక గోదావరి దాటితే చట్టం స్వభావమే మారుతుంది. భద్రాచలం జనాభా 2011 నాటికే సుమారు 50 వేలు. అయినా అది గ్రామ పంచాయతీగానే మిగిలింది. రాజ్యాంగంలోని 243-జెడ్‌సి అధికరణం ప్రకారం, పార్లమెంటు ప్రత్యేకంగా చట్టం చేస్తే తప్ప మున్సిపాలిటీల అధ్యాయం షెడ్యూల్డు ప్రాంతాలకు వర్తించదు. పంచాయతీల విషయంలో 1996లో పెసా చట్టం వచ్చింది. పట్టణాల కోసం 2001లో రాజ్యసభలో ప్రవేశపెట్టిన బిల్లు చట్టం కాలేదు. మరోవైపు 1959 భూబదలాయింపు నిబంధనలు, వాటికి 1970లో వచ్చిన 1/70 సవరణ గిరిజనేతరులకు భూమి బదలాయింపును నిషేధించాయి. ఆదివాసీకి మిగిలిన ఒకే రక్షణ గోడ అది. దాన్ని కూల్చమనడం అన్యాయం. కాని ఆ గోడ నీడలో పట్టణాలు పెరిగాయి. అమ్మకాలు తెల్లకాగితాల మీద, బినామీ పేర్ల మీద సాగుతాయి. గిరిజనేతరుల చేతుల్లో చట్టబద్ధమైన లేఅవుట్ పుట్టదు కనుక అభివృద్ధి రుసుము వసూలు కాదు, రుసుము లేదు కనుక ఊరికి ప్రణాళిక లేదు. 2014లో చుట్టుపక్కల గ్రామాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాక భద్రాచలానికి చెత్త వేసే చోటు కూడా కరవైంది.

ఆ పక్కనే చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం మండలాల్లో పోలవరం నిర్వాసితులున్నారు. వారి కాలనీల్లో రోడ్డు, మురుగు కాలువ, తాగునీరు మొదలు 25 వసతులు ఉండాలని 2013 భూసేకరణ చట్టం మూడవ షెడ్యూలు పేర్కొంది. అమలు ఎంత నత్తనడకగా ఉన్నా, ఆ కుటుంబాలు ఒక్క రూపాయి రుసుము కట్టకుండానే ఆ వసతులు తమ హక్కని అడగగలవు.

శబరి వెంట మరికొంత ముందుకు పోతే కుంట, దాని తర్వాత ఎర్రబోరు. 2005లో సల్వాజుడుం మొదలయ్యాక అడవి పల్లెల నుంచి తరలించిన కుటుంబాలను ఈ రహదారి పక్కనే శిబిరాల్లో పెట్టారు. వారిలో తెలుగు మాట్లాడే దోర్లలున్నారు. ఎర్రబోరు శిబిరంపై 2006 జూలైలో మావోయిస్టులు జరిపిన దాడిలో 30 మందికి పైగా మరణించారు, గుడిసెలు కాలిపోయాయి. 2011లో సుప్రీంకోర్టు ప్రత్యేక పోలీసు అధికారులుగా గిరిజన యువకులకు ఆయుధాలివ్వడాన్ని రాజ్యాంగవిరుద్ధమన్నది. కాని శిబిరాలకు చేరినవారి ఇళ్ల సంగతి ఆ తీర్పుతో తేలేది కాదు. ప్రభుత్వ ప్రోద్బలంతో ఏర్పడిన ఈ ఆవాసాలకు లేఅవుట్ లేదు, రుసుము లేదు, మూడవ షెడ్యూలూ లేదు. భూమిని ప్రభుత్వం సేకరించలేదు కనుక వారు చట్టం దృష్టిలో నిర్వాసితులు కారు. హింసవల్ల దేశంలోనే చెదిరిపోయినవారికి పునరావాసం కల్పించే జాతీయ చట్టం భారతదేశంలో లేనే లేదు. సరిహద్దు దాటి ఖమ్మం, వరంగల్ అడవుల్లో గుడిసెలు వేసుకున్నవారిని అటవీశాఖ ఆక్రమణదారులుగా చూసింది.

ఒకే రహదారి మీద నాలుగు రకాల గృహస్థులు. సొమ్ము కట్టి రసీదు పొందిన నగరవాసి, భూమి ఇచ్చి ఒప్పందం పొందిన రైతు, భూమి కోల్పోయి షెడ్యూలు పొందిన పోలవరం నిర్వాసితుడు, ఊరు కోల్పోయి ఏమీ పొందని ఎర్రబోరు శిబిరవాసి. రుసుము రేట్ల పట్టికలో చివరివాడి గడిలో సున్నా కనిపిస్తుంది. చౌకగా కనిపించే ఆ సున్నా అతనికి రాజ్యం బాకీపడింది కూడా సున్నాయేనన్న ప్రకటన.

కాబట్టి చర్చ రేట్ల దగ్గర ఆగిపోరాదు. వసూలు చేసిన ప్రతి నగరం వార్డువారీ లెక్క ప్రకటించాలి, గడువులో ఖర్చుకాని సొమ్ము తిరిగివ్వాలి. ఆదివాసీ భూమి హక్కు చెక్కుచెదరకుండానే ఏజెన్సీ పట్టణాలకు ప్రణాళిక, ఎన్నికైన పాలన ఇచ్చే చట్టాన్ని పార్లమెంటు చేయాలి. హింసవల్ల నిరాశ్రయులైనవారికి మూడవ షెడ్యూలులోని 25 వసతులనూ హక్కుగా విస్తరించాలి. వీటిలో మొదటిది కోరడానికి నగరాల్లో ఓటర్లున్నారు. మిగిలిన రెండింటినీ కోరే గొంతు దారి చివరి ఊళ్లలో పలచగా ఉంటుంది. ఇబ్రహీంపట్నం దగ్గర రసీదు చేతిలో ఉన్నవారు ఆ మాట కూడా తమ మాటలో కలుపుకుంటేనే అది ఢిల్లీకి వినబడుతుంది.