భామాకలాపం - ఆధునిక రంగస్థలం

భామాకలాపం కూచిపూడి భాగవతుల ప్రదర్శనలలో మిక్కిలి ప్రసిద్ధమైనది. దీని కర్త సిద్ధేంద్రయోగి 17వ శతాబ్దమునకు చెందినవాడని పలువురి అభిప్రాయం. పాట, మాట, ఆట, హాస్యం కలగలిసిన రచన కావున పాశ్చాత్యుల హాస్య సంగీత నాటకంతో (కామిక్ ఒపెరా) దీనిని పోల్చవచ్చును.

ఇతివృత్తం

శ్రీకృష్ణునితో కలహించి విరహం పాలైన సత్యభామ, చెలికత్తె మాధవి చేత లేఖ పంపుతుంది. కథ ఇంతే. రక్తి అంతా వారిద్దరి సంభాషణలోనే ఉన్నది. భర్త పేరు చెప్పమని మాధవి నిలదీయగా, పేరు పలుకుటకు సిగ్గుపడి సత్యభామ పడే అవస్థ, లేఖ అందించుటకు మాధవి ముక్కెర అడుగుట ప్రేక్షకులను కడుపుబ్బ నవ్వించే ఘట్టాలు.

మాధవి పాత్ర

మాధవి పాత్రను సూత్రధారుడే ధరిస్తాడు. కృష్ణుని ఎదుట అతడే మాధవుడు. సత్యభామ దరువులు మారవు. మాధవి మాటలు మాత్రం ఊరిని బట్టి, కాలాన్ని బట్టి మారేవి. లండన్‌లో 1986లో జొనాథన్ మిల్లర్, గిల్బర్ట్-సలివాన్‌ల "మికాడో" నాటకాన్ని జపాను నుండి 1930ల నాటి ఇంగ్లాండు హోటలుకు మార్చి ప్రదర్శించాడు. భామాకలాపంలో ద్వారకను కదల్చనవసరం లేకపోయింది. వర్తమానం మాధవి నోటి వెంట వచ్చేది.

రంగస్థలంలో మార్పులు

పూర్వం గ్రామాలలో కాగడాల వెలుగున, ఇద్దరు పట్టుకున్న తెర ముందు రాత్రంతా ఆడేవారు. సత్యభామ తన జడను తెరపై వేయుట పండితులకు సవాలు. స్త్రీ పాత్రలను పురుషులే ధరించేవారు. వేదాంతం సత్యనారాయణ శర్మ (1935-2012) సత్యభామగా విఖ్యాతుడు. వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి స్త్రీలకు కూడా ఈ విద్య నేర్పాడు. వెంపటి చినసత్యం 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ స్థాపించి నృత్యనాటకాలను సభామందిరాలకు తగినట్లు తీర్చిదిద్దాడు.

విద్యుద్దీపాలు, మైకులు, నిర్ణీత కాలం ఏర్పడటంతో నాట్యం మెరుగులు దిద్దుకున్నది, దేశవిదేశాలకు చేరినది. అయితే కాలం కుదించినపుడు ముందుగా కోతపడినది మాధవి వాచికమే. నేడు చాలా సభలలో సత్యభామ ప్రవేశ దరువు ఒక్కటే విడి అంశంగా ప్రదర్శింపబడుచున్నది. అది మనోహరమే, కాని ముక్కెర బేరం లేని భామాకలాపంలో నవ్వుకు చోటు తక్కువ. తెలుగు రాని ప్రేక్షకుల ఎదుట ఆ సంభాషణను నిలుపుట కష్టమన్న మాట కూడా నిజమే. కూచిపూడి గ్రామపు సంప్రదాయ కుటుంబాలవారు ఆడే కలాపంలో మాత్రం మాధవి ఇంకను బేరమాడుచునే ఉన్నది.