22 ఏళ్లకు చేతికందిన కప్పు

డెన్వర్, పెప్సీ సెంటర్. 2001 జూన్ 9, శనివారం రాత్రి. బయట ఎండాకాలం. లోపల మాత్రం మంచు మీంచి వచ్చే చలి మీ మోకాళ్లను తాకుతోంది. మీకూ ఆటగాళ్లకూ మధ్య అడ్డు ఒక్క అద్దపు గోడే. ఐస్ హాకీ స్టాన్లీ కప్ ఫైనల్ ఏడో మ్యాచ్, మూడో పీరియడ్. కొలరాడో అవలాంచ్ 3, న్యూజెర్సీ డెవిల్స్ 1. ఇక్కడ గెలిచినవాళ్లదే కప్పు.

గోల్స్ కొట్టింది టాంగే, సాకిక్. అయినా మీరు 77వ నంబరు జెర్సీనే చూడండి. కొలరాడో డిఫెన్స్‌మన్ రే బోర్క్, వయసు 40. అవతలి ఫార్వర్డ్ దూసుకొస్తుంటే ఇతను ఎదురు పరుగెత్తడు. అదే వేగంతో వెనక్కి జారుతూ, మధ్యలో కర్ర పొడవు ఎడం ఉంచుతాడు. చూపు పక్ అనే రబ్బరు బిళ్ల మీద కాదు, వచ్చేవాడి ఛాతీ మీద. చేతులు ఎన్ని వేషాలైనా వేస్తాయి, ఛాతీ ఎటు తిరిగితే మనిషి అటే పోవాలి. మెల్లగా అతన్ని గోడవైపు నెడతాడు. దారి ఇరుకవగానే కర్ర చాచి ఒక్క పొడుపు. టక్! మూడంగుళాల బిళ్ల పక్కకు పోతుంది. చప్పట్లు పడవు. ముప్పావు నిమిషం ఆడి బెంచీకి వెళ్లి, ఊపిరి తీసుకుని మళ్లీ దిగుతాడు. డిఫెన్స్‌మన్ బతుకంతా ఇదే.

ఇలా 22 సీజన్లు. 1979లో బోస్టన్ బ్రూయిన్స్ తీసుకున్న మాంట్రియల్ కుర్రాడు తొలి ఏడే ఉత్తమ కొత్త ఆటగాడు. ఉత్తమ డిఫెన్స్‌మన్‌కిచ్చే నోరిస్ ట్రోఫీ ఐదుసార్లు. కప్పు ఒక్కటే దక్కలేదు. 1988లోనూ 1990లోనూ ఫైనల్ దాకా వెళ్లి ఎడ్మంటన్ చేతిలో ఓడారు.

అతన్ని అర్థం చేసుకోవడానికి నాకైతే ఆ ట్రోఫీలకన్నా 1987 డిసెంబర్ 3 ముఖ్యం. ఆ రాత్రి బోస్టన్‌లో పాత వీరుడు ఫిల్ ఎస్పొజిటోకు సన్మానం. ఎస్పొజిటో నంబరు 7. అప్పటికి అది బోర్క్ ఒంటి మీదుంది. మంచు మీద అతని దగ్గరికెళ్లి బోర్క్ తన జెర్సీ విప్పి ఇచ్చేశాడు. లోపల ఇంకో జెర్సీ, దాని మీద 77.

2000 మార్చిలో, బోస్టన్ జట్టు అడుగున ఉండగా, తానే అడిగి కొలరాడోకు మారాడు. కప్పు కోసం సొంత జట్టును వదిలాడన్నవాళ్లున్నారు. 21వ సీజన్ దాకా మోసినవాణ్ని అలా అనడానికి నాకు నోరు రాదు. 2001 ప్లేఆఫ్స్‌కు ముందు ‘మిషన్ 16డబ్ల్యూ’ అని టోపీలు కుట్టించాడు. కప్పుకు కావలసినవి 16 విజయాలు. 15 వచ్చాయి.

సెకన్లు తరుగుతున్నాయి. హాలంతా లేచి నిలబడింది, మీరూ లేచారు. కొలరాడో గోలీ ప్యాట్రిక్ ర్వా కాపలాలో మూడో పీరియడ్‌లో ఒక్క గోలూ పోలేదు. సైరన్!

కప్పు తెచ్చారు. పదిహేనున్నర కిలోల వెండి. కమిషనర్ దాన్ని కెప్టెన్ జో సాకిక్ చేతికిచ్చాడు. ఆనవాయితీ ప్రకారం కెప్టెనే మొదట తలపైకెత్తాలి. సాకిక్ ఎత్తలేదు. అందుకున్నవాడు అందుకున్నట్టే తిరిగి బోర్క్ చేతుల్లో పెట్టాడు. ఇప్పుడా ముఖం చూడండి. రెండు చేతులతో కప్పును పైకెత్తాడు, కళ్లల్లో నీళ్లు. హోరులో పక్కవాడి మాట మీకు వినబడదు. పదేళ్ల తర్వాత వాంఖడేలో సచిన్‌ను భుజాలకెత్తుకోవడం చూసి కళ్లు తుడుచుకున్నవాళ్లకు దీన్ని నేను వివరించనక్కర్లేదు.

మూడు రోజులకు అతను ఆ కప్పును బోస్టన్ తీసుకెళ్లాడు. వేరే జట్టు గెలిచిన కప్పు చూడటానికి సిటీ హాల్ ముందు వేలమంది వచ్చారు. వదిలిపోయాడన్న మాటకు అంతకు మించిన జవాబు లేదు. ఆ నెలాఖరుకే రిటైరయ్యాడు. ప్లేఆఫ్స్‌తో కలిపి ఆడినవి 1,826 మ్యాచ్‌లు, చివరిది ఇదే. ఆ ఏడాదే బోస్టన్, కొలరాడో రెండూ 77వ నంబరును ఇంకెవరికీ ఇవ్వబోమని ప్రకటించాయి.