మాటల్లేని మంచుబాతు

కథ చెప్పడానికి మాటలు కావాలా, అక్కర్లేదా? ఏళ్ల తరబడి మాటలమ్ముకుని బతుకుతున్నదాన్ని, నన్నడిగితే ఏం చెబుతాను? కావాలనే అంటాను. కానీ 1975లో ఇంగ్లండులో నలుగురు కుర్రాళ్లు ఒక్క మాటయినా పాడకుండా ఒక నవలికనంతా మొదటినించి చివరిదాకా వాయించి వినిపించారు. అదీ సరదాకి చేసింది కాదు. ఆ కథ రాసినాయనకి వాళ్లు తన కథని ముట్టుకోవడం ఇష్టంలేక పోవడంవల్ల!

ఆ నలుగురి బృందం పేరు కేమెల్. అంటే ఒంటె. గిటారూ వేణువూ ఆండ్రూ లాటిమర్, మెట్ల వాద్యాలు పీటర్ బార్డెన్స్, బేస్ గిటారు డగ్ ఫెర్గూసన్, డ్రమ్ములు ఆండీ వార్డ్. అప్పట్లో అక్కడ ‘ప్రోగ్రెసివ్ రాక్’ అనే సంగీతం మహా జోరుగా సాగేది. మూడు నిమిషాల ప్రేమపాటతో వాళ్లకి తృప్తి లేదు. ఎల్పీ రికార్డులో ఒక పక్క ఇరవై నిమిషాలు పడుతుంది కదా, ఆ పక్కంతా ఒకే పాటతో నింపేసేవారు. సాహిత్యం చిటికెడు, వాయింపు బుట్టెడు. మైక్ ఓల్డ్‌ఫీల్డ్ అనే కుర్రాడు ఇరవై ఏళ్లు నిండుతూండగా 1973లో ‘ట్యూబులర్ బెల్స్’ అనే రికార్డు తెచ్చాడు. రెండు పక్కలా దాదాపు అంతా వాద్యమే. జనం విరగబడి కొన్నారు. కాబట్టి పాటలేని సంగీతం కొత్తేమీ కాదు. కొత్తేమిటంటే, కథ ఉండి మాట లేకపోవడం.

ముందు కథ చెబుతాను, వినండి. పాల్ గాలికో అనే అమెరికన్ రచయిత 1940లో పత్రికకి రాసి, 1941లో చిన్న పుస్తకంగా వేసిన ‘ది స్నో గూస్’ ఇది. ఇంగ్లండు తూర్పు తీరంలో ఎసెక్స్ చిత్తడి నేలల్లో పాడుబడ్డ దీపస్తంభం ఒకటుంది. అందులో రాయడర్ అనే చిత్రకారుడు ఒక్కడూ ఉంటాడు. గూనివాడు, ఒక చెయ్యి వంకర. మనుషులు తనని చూసి జంకుతారని వాళ్లకి దూరంగా వచ్చేసి, పక్షులని చేరదీసి, బొమ్మలు వేసుకుంటూ కాలక్షేపం చేస్తూంటాడు. ఒకరోజు పన్నెండేళ్లు మించని పిల్ల, పేరు ఫ్రిత, భయపడుతూనే అతని గుమ్మంలోకి వస్తుంది. చేతుల్లో వేటగాళ్ల తూటా తగిలిన తెల్లటి బాతు. కెనడానించి తుఫానుకి కొట్టుకొచ్చిన మంచుబాతది. అతను దానికి కట్టుకట్టి, ‘దారితప్పిన రాకుమారి’ అని పేరు పెడతాడు.

బాతు కోలుకుని ఎగిరిపోతుంది. మళ్లీ చలికాలానికి వస్తుంది. అది ఉన్నన్నాళ్లూ ఫ్రిత వస్తుంది, అది వెళ్లిపోతే ఆ పిల్లా కనిపించదు. ఇలా ఏళ్లు గడుస్తాయి. పిల్ల పెద్దదవుతుంది. వాళ్లిద్దరి మధ్య ఉన్నదేమిటో ఇద్దరూ పైకి అనుకోరు. ఇంతలో 1940 వేసవి మొదట్లో డంకర్క్. ఫ్రాన్సు ఒడ్డున జర్మన్ల చేతికి చిక్కబోతున్న మూడు లక్షల ముప్ఫయ్యెనిమిది వేలమంది సైనికులని తొమ్మిది రోజుల్లో సముద్రం దాటించారు చూడండి, అదే. పెద్ద ఓడలు ఒడ్డుదాకా రాలేకపోతే చేపల పడవలూ షికారు పడవలూ వెళ్లి మనుషుల్ని మోశాయి. రాయడర్ కూడా తన చిన్న తెరచాప పడవ వేసుకుని వెళతాడు. తలమీద బాతు ఎగురుతూ ఉంటుంది. ఎందర్నో దాటిస్తాడు, తను తిరిగిరాడు. బాతు మాత్రం దీపస్తంభందాకా వచ్చి, ఓసారి చుట్టూ తిరిగి వెళ్లిపోతుంది. అప్పుడు తెలుస్తుంది ఫ్రితకి, తన మనసులో ఉన్నదేమిటో.

ఇదీ కథ. కంటతడి పెట్టించే కథే. అయితే ఒక మాట చెప్పనా? గాలికో గారికి చెయ్యి కాస్త ఉదారం. కరుణ ఒక గరిటె సరిపోయేచోట మూడు గరిటెలు వడ్డిస్తారు. విమర్శకులు ఆ రోజుల్లోనే ఆ సంగతి ఎత్తిపొడిచారు.

కేమెల్ వాళ్లు 1974లో వేసిన ‘మిరాజ్’ రికార్డులో టోల్కీన్ నవలని ఆధారం చేసుకుని ఒక పాట కట్టారు. జనానికి నచ్చింది. ఈసారి రికార్డంతా ఒక పుస్తకం మీదే చేద్దామనుకున్నారు. మొదట జర్మన్ రచయిత హెస్సే రాసిన ‘సిద్ధార్థ’ మీద మనసు పోయింది. మన దేశపు కథ అలా చేజారింది! చివరికి ఫెర్గూసన్ మంచుబాతు పుస్తకం పేరు చెప్పాడు. అందరూ సరేనన్నారు. కథలోని మాటలతో పాటలు కూడా రాసుకుందామనే అనుకున్నారట. కానీ గాలికో ఒప్పుకోలేదు. కోర్టు మాట కూడా వచ్చింది. అట్టమీద ‘మంచుబాతు’ అని వేసుకోవడానిక్కూడా వీల్లేకపోయింది. దానికి ముందు ‘ప్రేరణతో చేసిన సంగీతం’ అనే అర్థం వచ్చేటట్టు మూడు మాటలు తగిలించుకుని గట్టెక్కారు.

దీనికో చమత్కారమైన కథ ప్రచారంలో ఉంది. గాలికోకి పొగతాగడం అంటే అసహ్యమనీ, కేమెల్ అంటే ఆ పేరున్న సిగరెట్ల కంపెనీవాళ్లే అనుకున్నాడనీ అంటారు. ‘మిరాజ్’ అట్ట అచ్చు ఆ సిగరెట్టు పెట్టెలాగే ఉంటుంది మరి. నిజమెంతో గాని, నాకు మాత్రం అంత దూరం వెళ్లక్కర్లేదనిపిస్తుంది. తను రాసిన మనుషుల నోట్లో ఇంకెవరో మాటలు పెడతామంటే ఏ రచయితకి ఒళ్లు మండదు చెప్పండి? ఆ విషయంలో నేను గాలికో పక్షమే.

అయినా రికార్డు విన్నాక ఆయన కాదనడమే మంచిదయిందనిపిస్తుంది. నలభైమూడు నిమిషాలు, పదహారు ముక్కలు. చిత్తడి నేలతో మొదలై చిత్తడి నేలతోనే ముగుస్తుంది. రాయడర్ వేణువులో వస్తాడు. గూనీ లేదు, వంకర చెయ్యీ లేదు, జాలిపడమని ఎవరూ మన భుజం తట్టరు. తేలికగా, కొంచెం హుషారుగా కూడా ఉంటుందా వరస. మంచుబాతుకి లాటిమర్ ఎలక్ట్రిక్ గిటారు. ఒక్కొక్క స్వరాన్నీ సాగదీసి వదులుతాడు, రెక్క విప్పినట్టు. ఇద్దరి స్నేహానికి ఊదుడు వాద్యాలు, చిన్నపిల్లల కవ్వింపులా. వలసపోయేచోట గొంతులు వినిపిస్తాయి గాని, మాట మాత్రం ఉండదు. బాతు వెళ్లిపోయాక రాయడర్ వరసే మళ్లీ వస్తుంది. ఈసారి వేణువు లేదు, మెట్లమీద నెమ్మదిగా, రెండు నిమిషాలు కూడా ఉండదు. గాలికో ఒక పేజీ రాసిన ఒంటరితనం అందులో ఉంది.

డంకర్క్ దగ్గర పుస్తకం నాకు తడబడినట్టుంటుంది. రాయడర్ సాహసాన్ని సారాకొట్లో సిపాయిలు తమ యాసలో చెప్పుకుంటూంటే మనం చాటుగా వినాలి. రికార్డులో ఆ బెడద లేదు. డేవిడ్ బెడ్‌ఫర్డ్ సమకూర్చిన ఆర్కెస్ట్రా వెనక నించి కవాతులా కదిలి, పెరిగి పెరిగి మీదికొస్తుంది. ఆ తర్వాత ‘ఒంటరి ఫ్రిత’కి పియానో. ప్రేమించాననే మాట పుస్తకంలో ఆ పిల్ల మనసులో పలుకుతుంది. ఇక్కడ అది కూడా అక్కర్లేకపోయింది.

మరి కథ తెలియనివాళ్ల సంగతి? మా అత్తగారికి ఏమీ చెప్పకుండా వినిపించాను. డంకర్క్ వచ్చేసరికి, ‘ఎవరిదే ఈ ఊరేగింపు, పెళ్లివారా?’ అన్నారు. నేను నవ్వలేదు, ఆవిడ విన్నది సరిగ్గానే విన్నారు. సంగీతం కదలిక చెబుతుంది, బరువు చెబుతుంది. పెళ్లో, చావో చెప్పదు. అది చెప్పడానికి అట్టమీద రాసిన ఆ పదహారు పేర్లు కావలసిందే. వీణమీద త్యాగరాజ కృతి వాయిస్తే మనం తల ఊపుతూ లోపల సాహిత్యం పాడుకుంటాం చూడండి, కృతి తెలియనివారికి అక్కడ రాగమే మిగులుతుంది. ఇదీ అంతే. మన ఈమని శంకరశాస్త్రిగారు కూడా తన వాద్య రచనకి ‘ఆదర్శ శిఖరారోహణం’ అని పేరు పెట్టారు. ఆ పేరు పట్టుకునే మనం కొండెక్కుతాం. అంటే మాటలు పూర్తిగా పోలేదన్నమాట. పాటలోంచి దిగి అట్టమీద కూర్చున్నాయి.

1975 అక్టోబరు 17న లండన్ రాయల్ ఆల్బర్ట్ హాలులో లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాతో కలిసి ఈ కథ మొత్తం వాయించారు. మరుసటి ఏడు జులైలో గాలికో పోయారు. ఆ 1976లోనే స్పైక్ మిలిగన్ అనే హాస్య నటుడు ఈ కథనే మాటలతో చదివి, ఎడ్ వెల్ష్ సంగీతంతో ఇంకో రికార్డు తెచ్చాడు. అదీ బాగానే ఉంటుంది, కాని కళ్లు తుడుచుకోమని రుమాలు కూడా వాళ్లే అందిస్తున్నట్టుంటుంది.

కేమెల్ బృందం తర్వాత చీలింది, మనుషులు మారారు. బార్డెన్స్ 2002లో పోయాడు. లాటిమర్‌కి ఎముక మూలుగు జబ్బు చేసి, 2007లో పెద్ద చికిత్స జరిగి, ఏళ్లపాటు గిటారు పక్కన పెట్టాల్సి వచ్చింది. లేచి తిరిగాక 2013లో మళ్లీ జనం ముందుకి రావడానికి ఆయన ఎంచుకున్నది మంచుబాతునే. మొదటి నలుగుర్లో తనొక్కడే మిగిలి, కొత్తవాళ్లతో రికార్డంతా తిరిగి వాయించాడు. కొన్ని ముక్కలు పొడిగించాడు. మాటలు మాత్రం అప్పుడూ పెట్టలేదు.