ఒకే దారిన పోయే మూటలకు గట్లు

ఆమధ్య వాన ముఖం చాటేసిన ఒక ఖరీఫులో మా వీధి వేరుశనగ రైతు ఒకాయన పంట నష్టపు అర్జీ పంపించమని నా వద్దకు వచ్చినాడు. పేరు, ఊరు, సర్వే నంబరు నింపి, పట్టాదారు పాసుపుస్తకం ఫొటో జతచేసి మీట నొక్కినాను. ఆయన తెర వంక అనుమానంగా చూసి, "సార్, అన్నీ ఒగే దావన పోతే కలగలిసిపోవా?" అన్నాడు. ఒక అంకె పక్కవాని పేరున పడితే ఆ యేటి సాయం పోయినట్లే కదా!

ఛందస్సు చెప్పి బ్రతికినవాణ్ణి. నాకు తాళపత్రాలు గుర్తుకు వచ్చినవి. వాటిలో పదాల నడుమ ఎడం ఉండదు, పాదానికొక పంక్తి అన్న నియమమూ లేదు. ఉత్పలమాల పాదాన్ని ఇరవై అక్షరాల లెక్కతోనో, రెండవ అక్షరపు ప్రాసతోనో పట్టుకోవాలి. పద్యం ముగిసిన చోట దండ ఉంటుంది.

అయితే హద్దు గుర్తు వంటిదే లోపలి పాఠంలోనూ ఉంటే? 1985 జనవరిలో మార్షల్ రోజ్, ఐనార్ స్టెఫెరుడ్ ఒక ఈమెయిలులో మరొక ఈమెయిలును పొదిగే పద్ధతిని వ్రాసినారు. అడ్డగీతతో మొదలయ్యే పంక్తి హద్దు. లోపలి పంక్తి కూడా అడ్డగీతతోనే మొదలైతే దానికి ముందు మరొక అడ్డగీత, ఒక ఖాళీ చేర్చాలి. ఇది నాకు రుచించదు. లేఖకుడు మూలాన్ని ముట్టుకొన్నాడంటే పాఠాంతరం పుట్టినట్లే.

1992 జూన్‌లో నెథానియల్ బోరెన్‌స్టైన్, నెడ్ ఫ్రీడ్ 'మైమ్' ప్రమాణంలో వేరు దారి తొక్కినారు. పాఠాన్ని కదిలించవద్దు, పాఠంలో ఎక్కడా లేని గుర్తునే హద్దుగా ఎన్నుకో, అన్నారు. ఆ గుర్తు 70 అక్షరాలకు మించరాదు. ప్రతి ముక్కకు ముందు రెండు అడ్డగీతలు పెట్టి దానిని వ్రాయాలి. చిట్టచివర మాత్రం వెనుక కూడా రెండు అడ్డగీతలు. చేలమధ్య గట్టు వంటిదే ఇది. మా సీమలో గెనిమ అంటాము.

ఆ గట్టును వెబ్ ఫారాలకు తెచ్చినవారు జిరాక్స్‌కు చెందిన ఎర్నెస్టో నెబెల్, లారీ మాసింటర్. అది 1995 నవంబరు నాటి ఆర్‌ఎఫ్‌సీ 1867. ఫారంతో ఫైలును జతచేసే వీలూ దానితోనే వచ్చింది. పాత పద్ధతిలో అంశాలను ఆంపర్సాండ్ గుర్తుతో కలిపి ఒకే దండగా గ్రుచ్చేవారు. ఇంగ్లీషు అక్షరాలకు అది సుఖమే. మన లిపికి మాత్రం భారం. 'అనంతపురం' అన్న మాటలో సున్నలు, ఉత్వంతో కలిపి 8 సంకేతాలు. యూటీఎఫ్-8లో ఒక్కొక్కటి 3 బైట్లు, వెరసి 24. పాత పద్ధతి ప్రతి బైటునూ శాతం గుర్తు పెట్టి మూడక్షరాలుగా విప్పుతుంది గనుక మా ఊరి పేరు 72 అక్షరాలై కూర్చుంటుంది! కొత్త పద్ధతిలో ఆ 24 బైట్లే పోతాయి. ప్రతి ముక్కకూ ముందు దాని పేరు, తరువాత ఒక ఖాళీ పంక్తి, ఆపైన సరుకు.

తెలుగు అక్షరాల బైట్లు ఏవీ అడ్డగీతతో కలవవు కనుక మన పాఠానికి భయం లేదు. ఫొటోలో మాత్రం ఏ బైటైనా రావచ్చును. అందుకే బ్రౌజర్లు యాదృచ్ఛికంగా గుర్తును అల్లుతాయి. క్రోమ్, సఫారీలయితే నాలుగు అడ్డగీతలు, 'వెబ్‌కిట్ ఫామ్ బౌండరీ' అన్న మాట, ఆపైన 16 అక్షరాలు వేస్తాయి. ఫైలంతా వెదకి చూడకుండా సంభావ్యతను నమ్ముకోవడం 1995 ప్రమాణానికీ తెలిసిన సంగతే.

ఆనాడు మొదటిసారి సిగ్నల్ తెగి అర్జీ పోలేదు. చివరి గట్టు అందకపోతే సరుకు అసంపూర్ణమని అవతలి యంత్రం గుర్తుపట్టగలదని ఆయనకు చెప్పినాను. రెండవసారికి రసీదు వచ్చింది. సర్వే నంబరును నాచేత రెండుసార్లు చదివించుకొని, అప్పుడు చెప్పులు తొడుక్కొన్నాడు.